మామిడి పూతకు ముందే మందు కొట్టాలా, పురుగును చూసి కొట్టాలా?

కొండాపూర్_తోట: వికారాబాద్ దగ్గర నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది. నా ఉద్యోగం సిటీలో కాబట్టి గుత్తకిచ్చాను. పోయినేడు గుత్తదారు ఆరుసార్లు మందు కొట్టాడు. సమగ్ర సస్యరక్షణ అంటే పురుగు లెక్క మించితేనే కొట్టడం కదా? ఈసారి రెండుసార్లకు మించొద్దని కాగితం రాయిద్దామనుకుంటున్నా.

మిర్చి_మల్లన్న: రాయించు. గుత్తదారు దొరికితే చెప్పు.

పాతకాపు: మొగ్గ దశలో ఒకటి, పిందె పడ్డాక తేనెమంచు పురుగు (రసం పీల్చి బంక కార్చేది) కనబడితేనే ఇంకోటి. పూత విచ్చుకున్నాక వద్దు, ఈగలూ తేనెటీగలూ చస్తే పిందె ఎట్లా కడుతుంది? అసలు కోతయ్యాక గుబురు కొమ్మలు నరికించారా? ఆ పురుగు నీడలోనే కాపురం పెడుతుంది.

కొండాపూర్_తోట: మిథైల్ యూజినాల్ బుట్టలు, అదే వాసనతో పురుగును లాగి పట్టేవి, కట్టించానండీ. తేనెమంచు తగ్గలేదు.

పాతకాపు: అవి పండు ఈగకు, అందులోనూ మగవాటికి. తేనెమంచుకు పనికిరావు.

కొండాపూర్_తోట: షాపతను అన్ని పురుగులకూ అన్నాడే!

పాతకాపు: బుట్టల్ని తీసెయ్యకండి మరి. 2014లో యూరప్ మన మామిడిని ఆపింది పండు ఈగ వల్లే.

గుత్తదారు_కొడుకు: బుట్టల ముచ్చట పక్కన పెట్టుండ్రి. మా నాయన వడ్డీకి తెచ్చి, పూత రాకముందే పైసలు కట్టి ఇంకో సారు తోట పట్టిండు. ఓనర్ సారు "ఆగుండ్రి, చూద్దాం" అన్నడు. ఆగినం. ఓ పొద్దున చెట్టు కిందికి పోతే చినుకులు పడ్డట్టు చిటపట ముఖానికి తగిలినయి పురుగులు. ఆకు పట్టుకుంటే వేళ్లకు బంక. పిందె మొత్తం రాలింది. సారు రూపాయి తగ్గించలే.

పాతకాపు: వారానికి రెండుసార్లు చూసుంటే ముందే దొరికేది బాబూ.

గుత్తదారు_కొడుకు: చూసినం సార్! చూసి చెప్పినం కూడా. వద్దన్నది ఆయన.

కొండాపూర్_తోట: అయితే ఆరుసార్లు కొట్టిన కాయ మా పిల్లలు తినాలా?

గుత్తదారు_కొడుకు: మీ పిల్లలకు రెండు చెట్లు వదిలేస్తం. హైదరాబాద్ కాడి బాటసింగారం పండ్ల మార్కెట్ల, ఆ బంక మీద మసి పట్టిన కాయను ఎంతకడుగుతరో ఒక్క పొద్దు నిలబడి చూడుండ్రి.

మిర్చి_మల్లన్న: అదీ మాట.

గుత్తదారు_కొడుకు: లెక్కపెట్టి ఆగుడు మాకూ మంచిదే, మందు ఖర్చు మిగుల్తది. ఆగినందుకు పంట పోతే ఎవరి మీద పడ్తది? గుత్త పైసలల్ల సగం, కాయ దిగినంక తీసుకుంటరా? గట్లయితే రెండుసార్లే కొడ్తం.

కొండాపూర్_తోట: సగం ఆపితే కష్టమన్నా. ఫ్లాట్ ఈఎంఐలు ఆ డబ్బుతోనే కడుతున్నా.

పాతకాపు: ఇంతకీ ఆ బుట్టల్లో మందు ఎప్పుడు మార్చారు?