ఎనిమిదేళ్లు కూడబెట్టిన మైళ్లు అమ్మానాన్నల టికెట్లకు చాలడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_డాలస్:
అందరికీ నమస్కారం. 2016 నుంచి ఉద్యోగరీత్యా వారం వారం విమానం ఎక్కుతున్నాను. సోమవారం తెల్లవారుజామున బయలుదేరితే గురువారం రాత్రికి ఇల్లు చేరేవాణ్ని. ఆ ప్రయాణాలకు విమాన సంస్థ ఇచ్చే మైళ్లన్నీ, అంటే డబ్బుకు బదులు టికెట్లకు వాడుకునే పాయింట్లన్నీ, ఒకే ఖాతాలో వేస్తూ వచ్చాను. వాటిలో ఒక్కటి కూడా నా కోసం వాడలేదు. మా నాన్నగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇరవై గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. బిజినెస్ క్లాసులో అయితే కాళ్లు చాపి పడుకుని వస్తారు. ఈ మైళ్లు అందుకోసమే.

ఎక్కడికి ఎన్ని మైళ్లు కావాలో విమాన సంస్థలు ముందే పట్టిక వేసి చెప్పేవి. 2019లో ఆ సంస్థ పట్టికలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు బిజినెస్ క్లాసు ఒక వైపుకు మనిషికి 80,000 మైళ్లు. ఇద్దరికి రానుపోను 3,20,000. ఆ అంకెను చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. కరోనాలో ప్రయాణాలు ఆగాయి, తరవాత మళ్లీ మొదలయ్యాయి. చీటీ మాత్రం తీయలేదు. పోయిన నెలలో లెక్క 3,20,000 దాటింది. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేసి సంక్రాంతి వెళ్లగానే బయలుదేరమని చెప్పాను. చెప్పాకే యాప్ తెరిచి చూశాను. ఒక వైపుకు, ఒక మనిషికి 2,05,000 మైళ్లు. నా దగ్గరున్న మొత్తంతో ఇద్దరినీ ఒక వైపుకైనా తీసుకురాలేను. పాత పట్టిక కోసం వెతికితే అసలు పట్టికే లేదు.

సంస్థ పేరు రాయడం లేదు. మీకూ ఇలా జరిగిందా? ఇప్పుడు నేనేం చేయాలి? ఇంకో రెండేళ్లు ఆగితే మేలా?

కిటికీ_సీటు:
ఆగకండి. ముందు ఆ ఒక్క మాట వినండి, మిగతాది తరవాత.

మీ ఒక్కరికే జరిగింది కాదిది. అమెరికా విమాన సంస్థల్లో డెల్టా 2015లో పట్టిక ఎత్తేసింది. యునైటెడ్ 2019లో ఎత్తేసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023లో తన సొంత విమానాలకు ఎత్తేసింది. అంతకు ముందే, 2015, 2016 సంవత్సరాల్లో, ఈ మూడూ ఎగిరిన దూరాన్ని వదిలేసి టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే మైళ్ల పథకం తెచ్చినప్పుడు మైలంటే నిజంగా గాలిలో ఎగిరిన మైలే. ఇప్పుడు ఆ మాట పేరుకే మిగిలింది. మన ఎయిర్ ఇండియా కూడా 2024లో ఖర్చును బట్టి పాయింట్లు ఇచ్చే పద్ధతికే వచ్చింది. మొదట మనకు వచ్చే మైళ్లు తగ్గించారు, ఆ తరవాత టికెట్టుకు అడిగే మైళ్లు పెంచారు.

మణికొండ_మాధవి:
నాది కార్డు పాయింట్ల కథ. ఒక ప్రైవేటు బ్యాంకు కార్డు తీసుకున్నాను. ఏడాది రుసుమే వేలల్లో ఉండేది. అయినా 5 పాయింట్లకు 4 మైళ్ల చొప్పున విమాన సంస్థలకు మార్చుకోవచ్చన్నారు కాబట్టి తీసుకున్నాను. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, బీమా, అన్నీ దాని మీదే కట్టాను. 2023లో ఆ లెక్కను 5కు 2 చేశారు. రెండు లక్షల పాయింట్లు 1,60,000 మైళ్లు కావలసినవి ఒక్క మార్పుతో 80,000 అయ్యాయి. ఇక్కడ విమాన సంస్థ ఏమీ మార్చలేదు, మార్చింది మధ్యలో ఉన్న బ్యాంకు. కార్డు పాయింట్లు దాచుకునేవాళ్లకు కోత రెండు చోట్ల పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఎడిసన్_అమ్మాయి:
పైన అందరూ అంకెలు చెప్పారు. నేను ఒక రోజు గురించి చెబుతాను.

2018 ఫిబ్రవరిలో తెల్లవారుజామున మూడు గంటలకు అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న పోయారు. ఐస్‌పెట్టెలో రెండు రోజులు ఉంచుతాము, నువ్వు వచ్చేదాకా ఆగుతాము అన్నాడు. ఆ పూటే బయలుదేరే టికెట్టు 3,000 డాలర్లు దాటింది. అప్పటికి మాకు బాబు పుట్టి నాలుగు నెలలు, నేను ఉద్యోగంలో లేను. మా వారి ఖాతాలో మైళ్లున్న సంగతి ఆయనకే గుర్తుకొచ్చింది. పట్టికలో 40,000 మైళ్లు, పన్నులు వంద డాలర్ల లోపు. ఒక్క సీటు ఉంది. మరుసటి రోజు రాత్రికి గన్నవరంలో దిగాను. నాన్న ముఖం చూశాను.

ఆ రోజు టికెట్టు ధర ఎంత పెరిగినా మైళ్ల ధర పెరగలేదు. పట్టిక ఉండడమంటే అదే. సీటు దొరకకపోయే అవకాశం ఎప్పుడూ ఉండేది. కానీ దొరికితే మాత్రం, మన అవసరం ఎంత పెద్దదో చూసి ధర పెంచే వీలు వాళ్లకు లేదు. పోయిన ఏడాది మా పెదనాన్నగారి అబ్బాయికి అదే కష్టం వచ్చింది. అదే యాప్ సాధారణ తరగతికి, ఒక వైపుకే, 1,90,000 అడిగింది. అప్పు చేసి టికెట్టు కొన్నాడు.

సెలవుల ప్రయాణానికి ధర పెరిగితే వచ్చే ఏడాది వెళ్దాం అనుకోవచ్చు. చావు కబురు వచ్చిన రోజున అలా అనుకోలేము కదా. దూరాన ఉన్న మనలాంటి వాళ్లం మైళ్లు దాచింది ఆ ఒక్క రోజు కోసమే. ఇప్పుడు టికెట్టు ధరతో పాటు మైళ్లూ ఎక్కుతున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మార్పు ఇదే.

తెనాలి_డాలస్:
అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఆ వైపు ఆలోచించనే లేదు. రెండేళ్లు ఆగే ఆలోచన మానుకున్నాను.

లెక్కల_మనిషి:
నేను చార్టర్డ్ అకౌంటెంటుని. సంస్థల పుస్తకాల్లో ఈ పాయింట్లు ఎలా కనబడతాయో చెబితే ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది.

మీరు టికెట్టు కొన్నప్పుడు ఇచ్చిన డబ్బులో కొంత భాగం మైళ్లకు చెందుతుంది. మీరు ఆ మైళ్లు వాడేదాకా దాన్ని ఆదాయంగా చూపకూడదు, మీకు ఉన్న బాకీగా చూపాలి. అంతర్జాతీయంగా ఐఎఫ్ఆర్ఎస్ 15, మన దేశంలో ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల నియమాలు చెప్పేది ఇదే. రెండూ 2018లో అమలులోకి వచ్చాయి. ఒక టికెట్టుకు 80,000 బదులు 2,05,000 మైళ్లు తీసుకుంటే, అదే బాకీ తక్కువ సీట్లతో తీరిపోతుంది. మామూలు అప్పు అయితే రూపాయి కూడా తగ్గించడానికి మీ సంతకం కావాలి. ఈ బాకీ విలువను బాకీ ఉన్నవాడే నిర్ణయిస్తాడు.

రెండో సంగతి. ఇవాళ మైళ్లను టోకున కొనేది బ్యాంకులు. కార్డు వాడినవాళ్లకు ఇవ్వడానికి విమాన సంస్థల దగ్గర కోట్ల కొద్దీ కొంటాయి. ఆ వ్యాపారం ఎంత పెద్దదో కరోనా కాలంలో బయటపడింది. విమానాలు నేల మీద ఉండగా, 2020లో యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. డెల్టా అదే ఏడాది స్కైమైల్స్ మీద 900 కోట్లు, అమెరికన్ 2021లో అడ్వాంటేజ్ మీద 1,000 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి. ఇన్ని మైళ్లు అచ్చు వేసి అమ్ముతూ సీట్లను మాత్రం ఆ మేరకు పెంచకపోతే మైలు విలువ నిలవదు. నోట్లు ఎక్కువై సరుకు తక్కువైతే బజారులో ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

బేగంపేట_రోజులు:
పట్టిక మారడమే కాదు, సంస్థే మాయమైతే ఏమవుతుందో మా తరం చూసింది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి, కింగ్ క్లబ్ పాయింట్లు వాటితో పాటే పోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు కథ వేరుగా నడిచింది. దాని మైళ్ల పథకం విడి కంపెనీ, అందులో ఎక్కువ వాటా అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్‌ది. అందుకని అది బతికి, ఆ ఏడాది చివర్లో ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుంది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు పాయింటుకు పాయింటు ఇచ్చారు. పాయింటుకు పాయింటు సరే, అది ఎన్ని సీట్లు తెస్తుందన్నది కొత్త యజమాని చేతిలో ఉంటుంది.

గల్ఫ్_గోదావరి:
మాలాంటి వాళ్ల సంగతి కూడా రాయండి. నేను కువైట్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. రెండేళ్లకోసారి కంపెనీ టికెట్టు మీద ఇంటికి వస్తాను. మైళ్ల ఖాతా ఉంది, కానీ వాటి గడువు మూడేళ్లు. రెండు ప్రయాణాల మైళ్లు కలిసి ఒక టికెట్టుకు సరిపోయేలోగా మొదటివి మురిగిపోతాయి. దానికి తోడు మా వాళ్లలో చాలామంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. టికెట్టు మీద ఒకలా, మైళ్ల ఖాతాలో ఒకలా పేరు పడుతుంది. రెండూ కలవకపోతే మైళ్లు ఖాతాలోకి రావు. మా గదిలో ఆరుగురం ఉంటే నలుగురికి ఇదే జరిగింది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఖాతా తెరవండి. ప్రయాణం తరవాత బోర్డింగ్ పాసు పారేయకండి, మైళ్లు రాకపోతే అడగడానికి అదే ఆధారం.

రెక్కలున్న_రైతు:
కొంచెం వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. పట్టిక లేకపోవడం వల్ల నాకు మేలు కూడా జరిగింది. పండుగలు, సెలవులు లేని నెలల్లో టికెట్టు చవకగా ఉన్నప్పుడు మైళ్లు కూడా తక్కువే అడుగుతారు. పట్టిక ఉన్న రోజుల్లో ఆ సీటుకూ పూర్తి ధరే చెల్లించాలి. నేను ఇలా నాలుగుసార్లు వెళ్లాను. పైగా పట్టికలో 80,000 అని ఉన్నా సీటు దొరకని రోజులే ఎక్కువ ఉండేవి, అది మరిచిపోకూడదు.

ఎడిసన్_అమ్మాయి:
నిజమేనండి, మీరు చెప్పింది కాదనను. తేదీ మన చేతిలో ఉన్నవాళ్లకు అది లాభమే. బడి సెలవుల్లో పిల్లలతో వెళ్లేవాళ్లకు, కబురు అందగానే బయలుదేరేవాళ్లకు తేదీ చేతిలో ఉండదు. లాభం వాళ్లకు చేరడం లేదు.

పాత_వకీలు:
కోర్టుకు వెళ్లవచ్చా అని నన్ను ఇద్దరు విడిగా అడిగారు. అమెరికా వరకు చెబుతాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1988లో పాత మైళ్లకూ వర్తించేలా నిబంధనలు మార్చినందుకు సభ్యులు వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో వచ్చిన తీర్పు ఇది: రాష్ట్రాల వినియోగదారుల చట్టాల కింద విమాన సంస్థ మీద దావా చెల్లదు, ఒప్పందం తప్పిందంటే మాత్రం చెల్లుతుంది. 2014లో నార్త్‌వెస్ట్ విమాన సంస్థ మీద గిన్స్‌బర్గ్ అనే సభ్యుడు వేసిన కేసులో, సద్భావంతో నడుచుకోవాలన్న సూత్రం ఆధారంగా వేసిన దావానూ 1978 నాటి విమానయాన చట్టం కిందే తోసిపుచ్చారు. మిగిలింది ఒప్పందం. ఆ ఒప్పందంలో మాకు ఇష్టం వచ్చినప్పుడు మార్చుకుంటాము అని వాళ్లే రాసుకున్నారు, మనం ఒప్పుకున్నాము అని నొక్కాము. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ సంస్థలను ఈ పథకాల వివరాలు ఇమ్మని అడిగింది. ఒక్కడి దావా కన్నా ప్రభుత్వం అడిగే ప్రశ్నలకే బలం ఎక్కువ. అందుకని ఫిర్యాదులు అక్కడికి పంపండి.

మరో మాట. చాలని మైళ్లు బయట ఎవరి దగ్గరైనా కొనవచ్చని ఏజెంట్లు చెబుతారు. వద్దు. అలా అమ్మకూడదు, కొనకూడదు అని నిబంధనల్లో ఉంది. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, ఆ టికెట్టు మీద వచ్చే పెద్దవాళ్లు విమానాశ్రయంలో నిలబడిపోతారు.

కిటికీ_సీటు:
తెనాలి గారూ, ఇక మీ పని చూద్దాం. ముందు ఒక మనిషికే వెతకండి, తరవాత ఇద్దరికి. తక్కువ ధర సీటు ఒక్కటే మిగిలి ఉంటే, ఇద్దరికని అడిగినప్పుడు రెండు సీట్లకూ ఎక్కువ ధర చూపిస్తుంది. రానుపోను ఒకటిగా కాక రెండు ఒక వైపు టికెట్లుగా వెతకండి. మీ సంస్థ సొంత విమానాలు వదిలేసి దాని భాగస్వాముల, అంటే అవే మైళ్లకు సీటు ఇచ్చే వేరే సంస్థల, విమానాలు చూడండి, అక్కడ ధరలు తరచు తక్కువగా ఉంటాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌ను తీసుకుంటే, నేను చివరిసారి చూసినప్పుడు భాగస్వామి విమానాలకు ఇంకా పట్టిక ఉంది. అమెరికాకు, మన దేశానికి మధ్య బిజినెస్ క్లాసు ఒక వైపుకు 70,000. ఖతార్ విమానంలో దోహా మీదుగా హైదరాబాద్‌కు అదే వర్తిస్తుంది. సీటు దొరకడమే కష్టం. పన్నుల అంకె కూడా చూడండి. కొన్ని యూరప్ సంస్థలు మైళ్ల టికెట్టు మీద వేసే అదనపు ఛార్జీ వందల డాలర్లలో ఉంటుంది.

దొరికినది వెంటనే తీసుకోండి. అమెరికా పెద్ద సంస్థలు 2020 తరవాత రద్దు రుసుము చాలావరకు ఎత్తేశాయి. ధర తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. మీ టికెట్టు నిబంధన మాత్రం ఒకసారి చదవండి.

తెనాలి_డాలస్:
తొమ్మిది రోజుల తరవాత రాస్తున్నాను. రోజూ రాత్రి ఒక గంట వెతికాను. ఫిబ్రవరి రెండో వారంలో భాగస్వామి విమానంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు బిజినెస్ క్లాసు 1,05,000 చొప్పున రెండు సీట్లు దొరికాయి. నిజంగానే ముందు ఒకటే కనబడింది, రెండోది రెండు రోజుల తరవాత వచ్చింది. తిరుగు ప్రయాణానికి బిజినెస్ అందలేదు. సాధారణ తరగతి 48,000 చొప్పున తీసుకున్నాను. ఖాతాలో ఇంకా 14,000 ఉన్నాయి. చీటీ తీసేశాను.

నాన్నగారికి తిరుగు ప్రయాణం సంగతి చెబితే, వచ్చేటప్పుడు పడుకుని వస్తే చాలు, వెళ్లేటప్పుడు మనవరాలి కబుర్లు చెప్పుకుంటూ వెళ్తాము అన్నారు. ఆ ప్రయాణానికి నడవా పక్క సీట్లు డబ్బు కట్టి తీసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మైళ్ల టికెట్టుకు కూడా వీల్‌చైర్ ఇస్తారా?

ఎడిసన్_అమ్మాయి:
ఇస్తారండి, దానికి డబ్బు తీసుకోరు. ఇప్పుడే ఫోన్ చేసి ఇద్దరి పేర్ల మీదా రాయించండి. మీకు టికెట్టు ఇచ్చిన సంస్థకే కాదు, విమానం నడిపే సంస్థకు కూడా చెప్పండి. మధ్యలో విమానం మారే చోట ఆ సమాచారం ఒక్కోసారి అందదు. నాన్నగారి మోకాళ్ల మందులు చేతి సంచిలోనే పెట్టమనండి.