పిల్లలకి క్లారినెట్: వేళ్ల చార్టు ముందా, సరిగమలు పాడటం ముందా?

ఎంవీపీ కాలనీ నాన్న:
మా పాపకి 11 ఏళ్లు. నేవీ డేకి ఆర్కే బీచ్‌లో బ్యాండు విన్న దగ్గర్నుంచీ క్లారినెట్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. మా మావయ్య పెళ్లి బ్యాండులో వాయించిన ఈ-ఫ్లాట్ చిన్న క్లారినెట్ అటక మీదుంటే దింపాం. ఏ స్వరానికి ఏ బెజ్జం మూయాలో చూపించే చార్టు ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాను. మాస్టారేమో ఆ చార్టు తీసెయ్యమన్నారు. సరిగమల తొలి పాఠాలు, అదే సరళీ వరుసలు, గొంతులో కుదిరాకే వేళ్లు పెట్టాలట. అంతవరకూ పిల్ల ఆసక్తి నిలుస్తుందా? నా మటుకు చార్టే మేలనిపిస్తోంది.

సన్నాయి ఇంటి ఆడపడుచు:
మీ మాస్టారిదే సరైన మాటండీ. మా పుట్టింట్లో సరళీ వరుసలు నోటికి రానిదే సన్నాయి చేతికిచ్చేవారు కాదు. తాతగారు పాడుతూ మా ముంజేతి మీద వేళ్లు ఆడించేవారు, ఏ స్వరానికి ఏ వేలు లేస్తుందో చర్మానికి తెలిసేది. సన్నాయికి వేళ్లతో మూసేవి ఏడు బెజ్జాలే, మీటలుండవు. మిగతా స్వరాలన్నీ సగం మూసిన వేలితో, ఊపిరి బిగింపుతో రావాల్సిందే. ఎంత సగమో చార్టు చెప్పలేదు, చెవే చెప్పాలి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం ఒక్కసారి వినండి, ఆ గమకాలకి బొమ్మ గీయగలమా?

బ్యాండు పెద్దాయన:
అమ్మా, సన్నాయి విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ క్లారినెట్ సన్నాయి కాదు. సన్నాయిలో అవే వేళ్లతో ఊపిరి బిగిస్తే పై స్థాయిలో అదే స్వరం వస్తుంది. క్లారినెట్‌లో అలా రాదు. ఎడమచేతి బొటనవేలూ, మూడు వేళ్లూ మూస్తే వచ్చేదాన్ని ‘స’ అనుకోండి. వేళ్లు కదపకుండా బొటనవేలి పక్క మీట నొక్కితే పై ‘స’ రాదు, దాన్ని దాటి పై పంచమం వస్తుంది. పిల్ల చెవి ఎంత మంచిదైనా ఇది ఊహించలేదు.

సరళీ వరుసలు నేర్పే రాగం మాయామాళవగౌళే చూడండి. ‘స’ నుంచి పైకి వెళ్తుంటే వేళ్లు లేస్తూ పోతాయి. ‘ప’ దగ్గర బెజ్జాలన్నీ ఖాళీ. ‘ధ’కి పైన ఒక్క మీట. ఆ వెంటనే ‘ని’కి ఆ చేతి మూడూ ఈ చేతి మూడూ, బొటనవేలూ, చిటికెనవేలూ ఒక్కసారి పడాలి, బొటనవేలి పక్క మీట కూడా నొక్కాలి. ఏ ఒక్కటి ఆలస్యమైనా కీచుమంటుంది. అక్కడే చాలామంది పిల్లలు ఏడ్చి మానేస్తారు. ఆ ‘ని’ కోసమైనా బొమ్మ ఎదురుగా ఉండాలి.

సన్నాయి ఇంటి ఆడపడుచు:
ఆ దాటు గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటాను పెద్దాయనా. అయినా రావాల్సిన ‘ని’ ఎలా ఉంటుందో లోపల వినపడకపోతే, వేళ్లు పడ్డాక వచ్చింది అదో కాదో పిల్లకెలా తెలుస్తుంది?

ఎంవీపీ కాలనీ నాన్న:
ఇంకో టెన్షన్. చార్టులో సి అన్నది వాయిస్తే ఫోన్‌లో ట్యూనర్ ఈ-ఫ్లాట్ చూపిస్తోంది. వాయిద్యం పాడైందా? పైగా కింది స్వరాలు గుర్రుమంటున్నాయి.

బ్యాండు పెద్దాయన:
పాడవలేదు బాబూ. ఈ-ఫ్లాట్ క్లారినెట్‌లో సి అని రాసినది ఈ-ఫ్లాట్‌గానే మోగుతుంది. నేను ‘స’ అనుకోమన్నది ఆ సి నే. అంటే ఆ ‘స’ మన లెక్కలో రెండున్నర శ్రుతి. పాడించేటప్పుడు తంబురా అక్కడే పెట్టండి, లేకపోతే గొంతు ఒక దారి, వేళ్లు ఒక దారి.

గుర్రుమనేది వేళ్ల సందులోంచి గాలి పోయి. కాసేపు ఊదాక పాప వేళ్ల కొసలు తిప్పి చూడండి. బెజ్జం అంచు చర్మం మీద గుండ్రంగా నిండు ఉంగరంలా పడాలి. నెలవంకలా సగమే పడిందంటే వేలు పక్కకి జారినట్టు. గట్టిగా నొక్కమనకండి, నొక్కితే వేలు బిగుసుకుపోతుంది. కొస కాకుండా దాని కింది మెత్తటి భాగం ఆనాలి. ఇది ఏ చార్టులోనూ ఉండదు, అది నేనూ ఒప్పుకుంటాను. అయినా చార్టు తియ్యొద్దు.

సన్నాయి ఇంటి ఆడపడుచు:
ఫ్రిజ్ మీద ఉండనివ్వండి, వాయించేటప్పుడు కళ్ల ముందు మాత్రం వద్దు. ముందు పాడి, వేళ్లు ఊదకుండా పెట్టి, అప్పుడు ఊదమనండి.

ఎంవీపీ కాలనీ నాన్న:
నిన్న సాయంత్రం చూశాను. కుడి ఉంగరపు వేలి మీద నెలవంకే పడింది. రెండున్నరలో ‘ధ ని స’ పాడించి, వేళ్లు సరిచేసి, ఊదమన్నాను. ఆరుసార్లు కీచుమంది. ఏడోసారి ‘ని’ పలికింది. వంటింట్లోంచి మా ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. మాస్టారితో మళ్లీ మాట్లాడతాను. సరళీ వరుసలు పూర్తయ్యేదాకా ఆగమంటే మాత్రం ఆగను.