అప్‌డేట్: మా బాబుకి అడుగుల అరిసెలు చేశాం

అందరికీ నమస్తే. మా బాబుకి పుట్టిన వారంలోపే మెదడు ఎడమ వైపు స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి, కాలు బలహీనం. రెండేళ్లు దాటాక నడుస్తున్నాడు, ఇప్పుడు అరిసెల వేడుక చెయ్యొచ్చా, చుట్టాలు ఏమంటారో అని టెన్షన్‌గా ఉందని అడిగాను కదా. చేసేశాం!

విశాఖలో మా ఇంట్లోనే, దగ్గరివాళ్ల మధ్య. అత్తయ్యగారు కొత్త బెల్లంతో పాకం పట్టారు. కాలికి స్ప్లింట్ (పాదాన్ని సరిగ్గా నిలిపి ఉంచే పట్టీ) ఉంచే నడిపించాం. కుడి మడమ ఆనించి అరిసె మీద అడుగేశాడు. ఆ మడమ నేలకి ఆనడం కోసం ఎంత సాగదీత, ఎంత ఏడుపు! అందుకే నాకు నడక కన్నా అదే పెద్ద పండగ. "ఆలస్యంగా చేశారేం" అని ఎవరూ అనలేదు. అన్నా చేసేదాన్నే.

ఇంకోటి, కుడి చేత్తో గిన్నె ఒత్తిపట్టి ఎడమ చేత్తో తింటున్నాడు. మంచి చేతికి కాసేపు మెత్తటి గ్లౌజు తొడిగి బలహీనమైన చేత్తో ఆడించే పద్ధతి మాకు బాగా పనిచేసింది. థెరపిస్ట్ చెప్పినట్టే చెయ్యండి, సొంతంగా వద్దు. చుట్టాలకి చిన్నదిగా అనిపించినా దీనికీ ఇంట్లో పాయసం వండాం.

కొత్త తల్లులకి ఒక మాట. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ, రెండోది పిడికిలి బిగించి ఉంచితే ఎడమచేతి వాటం అనుకుని ఊరుకోకండి. పిల్లల డాక్టర్‌కి చూపించండి. మాకు అలాగే తెలిసింది.