యాంప్లిఫయర్ మార్చాక మృదంగం శబ్దం సాగుతోంది, ఎందుకు?

ప్రశ్న:
స్పీకర్లు అవే, గదీ అదే. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ స్థానంలో ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి సరిదిద్దే ఏర్పాటు) లేని ట్రయోడ్ వాల్వ్ యాంప్లిఫయర్ పెట్టాను. గాత్రం ఎదుట కూర్చుని పాడుతున్నట్టే ఉంది, దాన్ని వదులుకోలేను. కానీ మృదంగం ‘తోం’ అన్నాక ఇదివరకు టక్కున ఆగేది, ఇప్పుడు సాగుతోంది. పాతదాని డాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓంలను యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఓంలతో భాగిస్తే వచ్చే అంకె) 200, దీనిది 3. లావుపాటి తీగలు వేస్తే బాగుపడుతుందా?

మొదటి జవాబు:
పడదండీ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు వేస్తే రానూపోనూ కలిపి 0.04 ఓం. మీ స్పీకర్ 8 ఓంలదైతే 8ని 3తో భాగించండి: మీ యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) 2.67 ఓంలు. దాని ముందు తీగ లెక్కలోకే రాదు.

రెండో జవాబు:
ముందు ఒక పని చేయండి. యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ తీగలు ఊడదీసి, బాస్ కోన్‌ను వేలితో మెల్లగా తట్టండి. ‘బొమ్’ అని కాస్త మోగుతుంది. ఇప్పుడు స్పీకర్ వెనక ఉన్న రెండు టెర్మినళ్లనూ చిన్న తీగముక్కతో కలిపి మళ్లీ తట్టండి. ‘టప్’ అని ఆగిపోతుంది. మొదటిసారి చేసినప్పుడు నమ్మలేక నాలుగైదు సార్లు తట్టి చూశాను. అయస్కాంత క్షేత్రంలో కదిలే వాయిస్ కాయిల్ (కోన్‌కు అతికిన తీగచుట్ట) తానే కరెంటు పుట్టిస్తుంది. అది తిరగడానికి దారి దొరికితే అదే కోన్‌కు బ్రేకు. ఆ దారిలో మీ 2.67 ఓంలు అడ్డున్నాయి.

అలాగని 200 అన్న అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. అదే దారిలో కాయిల్ సొంత నిరోధం కూడా ఉంటుంది, 8 ఓంల స్పీకర్‌లో సుమారు 6. డాంపింగ్ ఫ్యాక్టర్ 200 అయితే మొత్తం 6.04, 20 అయితే 6.4; ఈ తేడాను చెవి పట్టుకోవడం కష్టం. 3 దగ్గర 8.67 అవుతుంది, బ్రేకు 30 శాతం సడలుతుంది. పైగా స్పీకర్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఉండదు. రెజొనెన్స్ (కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర 40, ఇంకోచోట 5 అనుకుంటే, మీ యాంప్లిఫయర్‌తో ఆ రెంటికీ మధ్య 3 డెసిబెల్స్ తేడా వచ్చేస్తుంది. మీ ‘తోం’ సరిగ్గా ఆ మెట్ట మీద పడుతోందని నా నమ్మకం.

వాల్వ్ యాంప్లిఫయర్‌కు 4 ఓంల టెర్మినల్ ఉంటే స్పీకర్‌ను దానికి మార్చండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు తగ్గి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సగమవుతుంది. పవర్ కొంత పోతుంది. కొలవాలంటే 8 ఓంల రెజిస్టర్‌తో ఒకసారి, అలాంటివి రెండు సమాంతరంగా కలిపి ఒకసారి వోల్టేజి చూడండి; ఎంత తక్కువ పడిపోతే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంత తక్కువ. లోడు లేకుండా మాత్రం ఎప్పుడూ నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కొలిచానండీ. రెండో రెజిస్టర్ కలిపితే 8 ఓంల టెర్మినల్ మీద 2.00 వోల్టులు 1.60కి పడిపోయింది, 4 ఓంల దాని మీద 1.75 దగ్గర నిలిచింది. మృదంగం సాగడం బాగా తగ్గింది, పాతదానంత బిగువు మాత్రం రాలేదు. గాత్రం చెక్కుచెదరలేదు. ఇలాగే ఉంచుతున్నాను.