గేటు దాటితే ట్రీట్ కూడా ముట్టదు, మాట వినదు. ఎక్కడ తప్పుతోంది?

చెవులరిక్కి:
మగ కుక్క, 14 నెలలు, 18 కిలోలు. ఇంట్లో కూర్చో, ఆగు, రా అన్నీ ఒక్క మాటకే చేస్తుంది. గేటు దాటాక వేరే కుక్క గానీ స్కూటర్ గానీ కనిపిస్తే చాలు, లీష్ తెగేలా గుంజుతూ మొరుగుతుంది. "కూర్చో" అంటే చెవికెక్కదు. మూతి దగ్గర చికెన్ ముక్క పెట్టినా తల తిప్పేస్తుంది. ట్రీట్ మార్చాలా? రోజూ గంటసేపు రద్దీలో తిప్పితే అదే అలవాటు పడుతుందని కొందరు, మెడకు బిగుసుకునే గొలుసు వేయమని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

నాలుగడుగులు:
తప్పు ట్రీట్‌ది కాదు, దూరానిది. భయం గానీ ఉద్రేకం గానీ ఒక స్థాయి దాటాక కుక్కకు తిండి మీద ధ్యాస ఉండదు. ఇంట్లో ఎగబడి తినే ముక్కని బయట వద్దంటోందంటే అది మొండితనం కాదు, మీటర్ ముల్లు ఎర్రగీత దాటిందని గుర్తు. ఆ ముల్లుని రోజూ వాడుకోండి.

స్కూటర్లు వెళ్ళే దారికి 30, 40 మీటర్ల అవతల నిలబడండి. అక్కడా తినకపోతే 60కి వెళ్ళండి. స్కూటర్ కనబడగానే చెవులు నిక్కబొడిచినా, రెండు మూడు సెకన్లలో తల మళ్ళించుకోగలిగితే ఆ దూరం సరిపోయినట్టే. ఇక వరుస ఇది: కుక్క స్కూటర్‌ని చూస్తుంది, ఆ క్షణమే మీరు "ఎస్" అంటారు, మీ మోకాలి పక్కన ముక్క పెడతారు. ముందు స్కూటర్, తరువాతే ముక్క. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. స్కూటర్ రావడం తాము చూసి కంగారుగా సంచిలో చెయ్యి పెడతారు. కొన్నాళ్ళకి ఆ సంచి చప్పుడే కుక్కకు ప్రమాద ఘంటిక అవుతుంది.

ముక్క బఠానీ గింజలో సగం ఉంటే చాలు. ఒక విడతకి 30, 40 ముక్కలు, 10 నిమిషాలు మించొద్దు. మీరు "ఎస్" అనకముందే అది స్కూటర్‌ని చూసి తనంతట తనే మీ వైపు తిరిగే రోజు వస్తుంది. దూరం తగ్గించాల్సింది అప్పుడే, అదీ రెండు మీటర్లే. ఐదుసార్లలో నాలుగుసార్లు తేలిగ్గా తిరిగితే ముందుకు, రెండుసార్లు తప్పితే వెనక్కి. దగ్గరికి జరిగిన రోజున స్కూటర్ల వేగం, సంఖ్య పెంచకండి. ఆగి ఉన్న స్కూటర్, మెల్లగా వెళ్ళేది, రయ్యిమని దూసుకెళ్ళేది కుక్క లెక్కలో మూడు వేర్వేరు వస్తువులు.

మొరిగితే తిట్టొద్దు, ట్రీట్ కూడా ఇవ్వొద్దు. గిరుక్కున వెనక్కి తిరిగి దూరం పెంచండి.

తాడుముడి:
పై మాటలన్నీ సరే గానీ, ఆఖరిదానికి నేను ఒప్పుకోను. భయంతో మొరిగే కుక్కకి ముక్క ఇస్తే భయం పెరగదు. తినగలిగితే ఇవ్వండి. ధైర్యం చెప్పినా పాడైపోదు. ట్రీట్ ఆపాల్సింది భయంతో కాక, "నన్ను అటు వెళ్ళనివ్వడం లేదు" అన్న ఉక్రోషంతో మొరిగే కుక్కకి. మందు మారిపోతుంది కాబట్టి ముందు ఏ రకమో తేల్చుకోవాలి. లీష్ వదులు చేసినప్పుడు బరువు వెనక కాళ్ళ మీద వేసి, తోక దించి, అవతలికి పోజూస్తే భయం. ముందుకు వాలి, కుయ్ కుయ్‌మంటూ దాని వైపే లాగితే ఉక్రోషం.

సామాను సంగతి. ఛాతీ ముందు కూడా రింగు ఉండి, భుజాలకు అడ్డం రాని హార్నెస్ (మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీ), 2 మీటర్ల మామూలు పట్టీ లీష్. చక్రంలోంచి సాగే లీష్ వద్దు, అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది. పట్టీ మధ్యలో కిందికి వేలాడుతూ ఉండాలి. బిగువైన లీష్‌తో కుక్క వంకర తిరిగి తప్పుకోలేదు, నేల వాసన చూసి సర్దుకోలేదు. ఇక మిగిలింది అరవడమే.

బిగుసుకునే గొలుసు వేస్తే వేరే కుక్క కనబడ్డప్పుడల్లా మెడ నొప్పి పుడుతుంది. ఆ నొప్పి ఆ కుక్క వల్లే వచ్చిందని దీని లెక్క. గుర్రుమనడం మానేయొచ్చు కూడా, అప్పుడు హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. రద్దీలో గంటసేపు తిప్పడమూ అంతే. నోరెత్తక నడుస్తున్నదల్లా శాంతంగా ఉన్నట్టు కాదు. తోక కాళ్ళ మధ్య పెట్టి, పెదాలు నాకుతూ, నిద్ర రాకున్నా ఆవులిస్తూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంటే అది చేతులెత్తేసిందని అర్థం.

"కూర్చో" అనడం కూడా బయట కొన్నాళ్ళు పక్కన పెట్టండి. తప్పుకునే దారి మూసేసి కూర్చోబెట్టినట్టు అవుతుంది.

చెవులరిక్కి:
కంచె ఉన్న చోట వదిలితే వేరే కుక్కలతో బాగానే ఆడుతుంది. స్కూటర్ చూస్తే మాత్రం తోక ముడిచి వెనక్కి తగ్గుతుంది. అంటే రెండు రోగాలా?

తాడుముడి:
రెండే. స్కూటర్‌కి నాలుగడుగులు గారి పద్ధతి. కుక్కల విషయంలో మాత్రం దగ్గరికి వెళ్ళడమే దానికి బహుమతి. లీష్ వదులుగా ఉంటే అటు రెండడుగులు, బిగిసిందా నిలబడిపోండి, అప్పటికీ వదలకపోతే మూడడుగులు వెనక్కి. అవతలి కుక్క, దాని యజమాని ఇష్టపడితేనే పలకరింపు, అదీ మూడు సెకన్లు. వెనక్కి తిరిగే విన్యాసం అవసరం పడ్డ రోజున నేర్పలేం. ముందే ఇంట్లో ఒక మాట పెట్టుకుని, రోజుకు 20 సార్లు తిప్పి ఉంచండి.

మందులపెట్టె:
ఒక్కటి మిగిలింది. ఈ గోల హఠాత్తుగా మొదలైనా, ముట్టుకుంటే చిరాకు పడుతున్నా ముందు పశువైద్యుడికి చూపించండి. చెవి పోటు, తుంటి నొప్పి ఉన్న కుక్కకి శిక్షణ ఎక్కదు. ఇంటి గుమ్మంలోంచే వణికేంత భయమైతే మందు కూడా కావాల్సి రావచ్చు. ఫ్లూఆక్సెటిన్ లాంటి ఆందోళన తగ్గించే మందులు పని చూపడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మొదటి వారంలోనే లాభం లేదని ఆపేయకండి. ఏసీప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్ళు మత్తుగా ఉంటుంది, భయం లోపల అలాగే ఉంటుంది.

పెద్ద అదురు తగిలిన మర్నాడు నడక మానేసి, ఇంట్లోనే గడ్డిలో తిండి చల్లి ముక్కుతో వెతకనివ్వండి. ఆ ఒత్తిడి ఒక్క పూటలో దిగదు. తగ్గకముందే ఇంకో స్కూటర్ ఎదురైతే నిన్నటి 30 మీటర్లు ఇవాళ చాలవు. కరిచే ప్రమాదం ఉంటే బుట్టలాంటి మూతిచిక్కం అలవాటు చేయండి. లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, ట్రీట్ అందాలి. గుడ్డతో నోరు బిగించి కట్టేది నడకకి పనికిరాదు.