ఫిబ్రవరి 1న ల మోర్న్ కొండ దగ్గరికి బయటివాళ్లు వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. జనవరి ఆఖర్లో అమ్మానాన్నలతో మారిషస్ వెళ్తున్నాం, ఫిబ్రవరి 1న అక్కడే ఉంటాం. 1835లో అదే రోజున అక్కడ బానిసత్వం రద్దయింది కాబట్టి ప్రభుత్వ సెలవట, పారిపోయిన బానిసలు తలదాచుకున్న ల మోర్న్ కొండ కింద స్మారకం దగ్గర పూలు పెట్టి నివాళి అర్పిస్తారని చదివాను. మా ముత్తాత తమ్ముడు కూలి ఒప్పందం మీద ఆ దీవికే వెళ్లి మళ్లీ రాలేదు. చెరకు తోటల్లో బానిసల స్థానంలోకే మనవాళ్లను తీసుకెళ్లారని తెలిసినప్పటి నుంచి ఆ రోజు బీచ్‌లో గడపాలనిపించట్లేదు. అక్కడుండే తెలుగువాళ్లు దయచేసి చెప్పండి, మాలాంటివాళ్లు వెళ్లి పూలు పెడితే తప్పుగా అనుకుంటారా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, చాలా దూరం నడవాలా? సెలవు రోజు బస్సులుంటాయా?