పబ్‌మెడ్ నుంచి 10,000 దాటి రికార్డులు తెచ్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం బీటెక్ మూడో ఏడు చదువుతున్నాం. కాలేజీ కోడింగ్ పోటీ కోసం, డెంగీ మీద పరిశోధనలు ఏడాదికేడాది ఎటు మళ్లాయో చూపించే టూల్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నాం. వైద్య పరిశోధన వ్యాసాల వివరాలుండే పబ్‌మెడ్ డేటాబేస్‌లో, వెతికిపెట్టే ఈసెర్చ్ టూల్‌తో వ్యాసాల ఐడీలు తీసి, ఆ ఐడీల వివరాలు తెచ్చిపెట్టే ఈఫెచ్‌తో సారాంశాలు లాగుతున్నాం. ఏపీఐ కీ (ప్రోగ్రామ్‌తో డేటా అడిగేటప్పుడు మనల్ని గుర్తించే కోడ్) లేకపోతే సెకనుకు 3 రిక్వెస్టులే, ఉంటే 10. కీ తీసుకున్నాం కాబట్టి ఆ టెన్షన్ లేదు.

అసలు చిక్కల్లా ఈసెర్చ్ పబ్‌మెడ్‌లో ఒక్కో సెర్చ్‌కి మొదటి 10,000 ఐడీలే ఇవ్వడం. డెంగీ వ్యాసాలు అంతకంటే చాలా ఎక్కువ. ప్రచురణ తేదీని బట్టి ఏడాదివారీగా ముక్కలు చేసి వెతకడం మేలా, లేక పబ్‌మెడ్ వాళ్లు ఎఫ్‌టీపీ (ఫైళ్లు దించుకునే సర్వర్)లో పెట్టే బేస్‌లైన్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, అంటే మొత్తం రికార్డులుండే ఫైళ్లన్నీ దించుకోవాలా? మా లాప్‌టాప్‌ల్లో ఉన్నది 8 జీబీ ర్యామే మరి!

ఇంకోటి, పాత వ్యాసాలు కొన్నింటికి సారాంశం ఖాళీగా వస్తోంది. వాటిని వదిలేయాలా, శీర్షికతో సరిపెట్టుకోవచ్చా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.